ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో పౌనఃపున్య నియంత్రణ, ఓవర్‌క్లాకింగ్: సూత్రాలు, హద్దులు, పరిణామాలు

వ్యాససంగ్రహం

ల్యాప్‌టాప్ ప్రాసెసర్ వేగాన్ని ఒకే సంఖ్యతో చెప్పడం వాణిజ్య ప్రకటనల్లో పరిపాటి. ఆ సంఖ్య స్థిరమైనది కాదు. వోల్టేజి, ఉష్ణోగ్రత, విద్యుత్ సరఫరా, తయారీదారు విధించిన పరిమితులు, ఆపరేటింగ్ సిస్టమ్ విధానం అనే అంశాలన్నీ కలిసి ప్రతి క్షణం దానిని నిర్ణయిస్తుంటాయి. ఈ నియంత్రణ వెనుక ఉన్న భౌతిక సూత్రాన్ని వివరించడం, దానిని అతిక్రమించే ఓవర్‌క్లాకింగ్, అండర్‌వోల్టింగ్ పద్ధతుల పర్యవసానాలను పరిశీలించడం, 2019లో వెలుగు చూసిన ‘ప్లండర్‌వోల్ట్’ లోపం తర్వాత యజమాని చేతిలోంచి ఈ నియంత్రణ ఎట్లా జారిపోయిందో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ప్రాసెసర్, పౌనఃపున్యం, వోల్టేజి, సామర్థ్యం, ఓవర్‌క్లాకింగ్, అండర్‌వోల్టింగ్, టర్బో, ప్లండర్‌వోల్ట్, గవర్నర్.

1. ఉపోద్ఘాతం

తెలుగు పరిశోధకుల పని నేడు చాలావరకు ల్యాప్‌టాప్ మీదనే సాగుతున్నది. స్కాన్ చేసిన పాత పత్రికల పుటలను అక్షరాలుగా మార్చడం, వేల పుటల పాఠంలో ఒక పదప్రయోగాన్ని వెదకడం, పదసూచికలు, పౌనఃపున్య పట్టికలు తయారుచేయడం వంటి పనులకు యంత్రం గంటల తరబడి పూర్తి భారంతో పనిచేయవలసి వస్తుంది. అటువంటప్పుడు రెండు ప్రశ్నలు సహజంగా తలెత్తుతాయి. కొన్నప్పుడు చెప్పిన వేగం ఇప్పుడు ఎందుకు కనిపించడం లేదు? ఆ వేగాన్ని పెంచే ఉపాయం ఏదైనా ఉందా?

రెండవ ప్రశ్నకు ‘ఓవర్‌క్లాకింగ్’ అనే సమాధానం తరచుగా వినిపిస్తుంది. డెస్క్‌టాప్ విషయంలో ఎంతో కొంత చెల్లే ఆ సమాధానాన్ని ల్యాప్‌టాప్‌కు యథాతథంగా అన్వయించడం సరికాదు. కారణం గ్రహించాలంటే మొదటి ప్రశ్న దగ్గరనుంచే బయలుదేరాలి.

ఒక పరిభాషా విషయాన్ని ముందుగా ప్రస్తావించవలసి ఉంది. తెలుగు భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో ‘సామర్థ్యం’ అంటే ఒక సెకనులో వినియోగమయ్యే శక్తి. దాని ప్రమాణం వాట్. వాడుకలో మాత్రం ‘సామర్థ్యం’ అంటే చేవ, నేర్పు. ‘అధిక సామర్థ్యం గల ప్రాసెసర్’ అనే ప్రకటనను చదివినవారు వేగవంతమైనదనే అర్థం చేసుకుంటారు. భౌతికశాస్త్ర విద్యార్థి ఎక్కువ కరెంటు తాగేదని అర్థం చేసుకోవచ్చు. తమాషా ఏమిటంటే ల్యాప్‌టాప్ విషయంలో రెండు అర్థాలూ చాలాసార్లు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఈ వ్యాసంలో ఆ పదాన్ని వాట్ల అర్థంలోనే ప్రయోగించడం జరిగింది.

2. గడియారం, వోల్టేజి, సామర్థ్యం

ప్రాసెసర్‌లోని ట్రాన్సిస్టర్లన్నీ ఒకే గడియార స్పందనకు లోబడి పనిచేస్తాయి. ఇటీవలి ఇంటెల్ ప్రాసెసర్లలో 100 మెగాహెర్ట్జ్ మూల స్పందన ఉంటుంది. దానిని ఒక గుణకంతో హెచ్చిస్తే ప్రాసెసర్ పౌనఃపున్యం వస్తుంది. గుణకం 29 అయితే 2.9 గిగాహెర్ట్జ్, 48 అయితే 4.8 గిగాహెర్ట్జ్. నాలుగు గిగాహెర్ట్జ్ వద్ద ఒక్కొక్క స్పందనకు దక్కే సమయం సెకనులో వందకోట్ల వంతులో నాల్గవ భాగం మాత్రమే. ఆ కాలంలో శూన్యంలో కాంతి కూడా ఏడున్నర సెంటీమీటర్లకు మించి ప్రయాణించలేదు.

స్పందనను ఇష్టం వచ్చినంత వేగవంతం చేయలేకపోవడానికి కారణాన్ని వరినాట్లతో పోల్చి చెప్పవచ్చు. మడిలో వరుసగా నిలబడి నాటు వేసేవారిలో ఆఖరి మనిషి చేతిలోని నారు నేలలో కుదిరిన తర్వాతనే వరుస మొత్తం ఒక అడుగు వెనక్కి జరుగుతుంది. మిగిలినవారు ఎంత చురుకైనవారైనా వరుస వేగాన్ని నిర్ణయించేది అందరికంటె నెమ్మదిగా నాటేవారే. ప్రాసెసర్‌లో కూడా సంకేతం ప్రయాణించవలసిన దారులు కోట్లకొద్దీ ఉంటాయి. వాటిలో అతి దీర్ఘమైన దారి గుండా సంకేతం చేరి స్థిరపడేదాకా తరువాతి స్పందన రాకూడదు. ముందే వస్తే అసంపూర్ణమైన ఫలితమే సరైనదిగా నమోదవుతుంది.

వోల్టేజి పాత్ర ఇక్కడే ప్రవేశిస్తుంది. వోల్టేజి పెరిగితే ట్రాన్సిస్టర్లు త్వరగా స్థితి మారతాయి. దీర్ఘమైన దారి కూడా సకాలంలో పూర్తవుతుంది. అంటే ఎక్కువ పౌనఃపున్యానికి ఎక్కువ వోల్టేజి అవసరం. అయితే ట్రాన్సిస్టర్లు స్థితి మారడంలో ఖర్చయ్యే సామర్థ్యం పౌనఃపున్యానికి అనులోమానుపాతంలోనూ, వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలోనూ ఉంటుంది. పౌనఃపున్యాన్ని పది శాతం పెంచడానికి వోల్టేజిని కూడా పది శాతం పెంచవలసి వస్తే సామర్థ్యం 1.1 ఘనం, అంటే సుమారు 33 శాతం పెరుగుతుంది. పది శాతం వేగానికి ముప్పైమూడు శాతం వేడి! ల్యాప్‌టాప్ ప్రాసెసర్ల చరిత్రలో చాలా భాగం ఈ అసమానత చుట్టూనే తిరిగింది.

1974లో ఐబీఎం శాస్త్రజ్ఞుడు రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధనపత్రం ప్రకారం ట్రాన్సిస్టర్ పరిమాణంతో పాటు వోల్టేజిని కూడా అదే నిష్పత్తిలో తగ్గిస్తూ పోతే, వైశాల్యానికి వచ్చే వేడి పెరగకుండానే వేగాన్ని పెంచుకోవచ్చు. మూడు దశాబ్దాలపాటు పరిశ్రమ ఆ సూత్రాన్ని అనుసరించింది. 2000 దశకం మధ్యలో వోల్టేజిని ఇంకా తగ్గించడం కష్టమైంది. ట్రాన్సిస్టర్ ఆగి ఉన్నప్పుడు కూడా కారిపోయే కరెంటు ఎక్కువ కాసాగింది. పౌనఃపున్యం ఏటేటా ఎగబాకే కాలం అక్కడితో ఆగిపోయి, కోర్ల సంఖ్య పెరిగే కాలం మొదలైంది.

3. స్పీడ్‌స్టెప్ నుంచి టర్బో వరకు

2000 జనవరిలో ఇంటెల్ విడుదల చేసిన మొబైల్ పెంటియమ్-3లో ‘స్పీడ్‌స్టెప్’ అనే ఏర్పాటు వచ్చింది. గోడ కరెంటుపై ఉన్నప్పుడు 650 మెగాహెర్ట్జ్ వేగంతో, 1.6 వోల్టుల వద్ద పనిచేసే ప్రాసెసర్, బ్యాటరీపై 500 మెగాహెర్ట్జ్‌కు, 1.35 వోల్టులకు దిగేది. పై సూత్రంతో లెక్కిస్తే వేగం 23 శాతం తగ్గినప్పుడు సామర్థ్యం సుమారు 45 శాతం తగ్గుతుంది. కోల్పోయిన దానికంటె మిగిలినదే ఎక్కువ. అదే సంవత్సరంలో ఏఎండీ ‘పవర్‌నౌ’ పేరుతోనూ, ట్రాన్స్‌మెటా సంస్థ క్రూసో ప్రాసెసర్లలో ‘లాంగ్‌రన్’ పేరుతోనూ ఇటువంటి పద్ధతులనే ప్రవేశపెట్టాయి.

ఇక్కడ ఒక సందేహానికి అవకాశం ఉంది. వేగం తగ్గితే పని పూర్తికావడానికి ఎక్కువ కాలం పడుతుంది కదా, ఆదా అయిన శక్తి అక్కడే పోదా? పై ఉదాహరణలో పనికాలం 1.3 రెట్లవుతుంది. 0.55 సామర్థ్యాన్ని 1.3 కాలంతో గుణిస్తే 0.71 వస్తుంది. కనుక ప్రాసెసర్ వరకు 29 శాతం శక్తి నిజంగానే ఆదా అవుతుంది. ఆ ఆదా అంతా వోల్టేజి తగ్గడం వల్ల వచ్చినదే. వోల్టేజి మారకుండా కేవలం వేగాన్ని తగ్గిస్తే స్థితి మార్పులకయ్యే శక్తిలో ఆదా ఏమీ ఉండదు. పైగా ఆ అదనపు కాలమంతా తెర, డిస్కు, వైఫై కూడా శక్తిని వినియోగిస్తూనే ఉంటాయి. అందువల్ల కొన్ని సందర్భాల్లో పనిని త్వరగా ముగించి గాఢనిద్ర స్థితికి జారుకోవడమే లాభసాటి. నేటి ప్రాసెసర్లు రెండు మార్గాలనూ సందర్భానుసారంగా వాడుకుంటున్నాయి.

2008 నవంబరులో ఇంటెల్ ‘నెహలెమ్’ తరంతో వచ్చిన ‘టర్బో బూస్ట్’ ఈ ఆలోచనను తలకిందులు చేసింది. స్పీడ్‌స్టెప్ దృష్టిలో ప్రకటిత వేగం గరిష్ఠం, అక్కడి నుంచి దిగడమే ఉంటుంది. టర్బోలో ప్రకటిత మూల వేగం ఒక హామీ. చల్లదనం, విద్యుత్తు ఉన్నంతవరకు దానికంటె పైకి పోవచ్చు. 2011లో వచ్చిన ‘శాండీ బ్రిడ్జ్’ తరం మరొక అడుగు ముందుకు వేసింది. లోహం వేడెక్కడానికి కొంత సమయం పడుతుంది; దళసరి మూకుడు పొయ్యి మీద పెట్టగానే కాలదు. ఆ వ్యవధిని ఉపయోగించుకొని, నిర్దేశిత సామర్థ్యాన్ని కొన్ని సెకన్లపాటు మించిపోవడానికి కూడా ఆ తరం అనుమతించింది. ఇందుకు రెండు హద్దులున్నాయి. దీర్ఘకాలిక హద్దు ఒకటి, స్వల్పకాలిక హద్దు మరొకటి. రెండింటి మధ్య కాలావధి చాలా యంత్రాల్లో 28 సెకన్లు. ఈ సంఖ్యలను నిర్ణయించే స్వేచ్ఛ ల్యాప్‌టాప్ తయారీదారుకు ఉంటుంది. ఒకే ప్రాసెసర్ పేరున్న రెండు ల్యాప్‌టాప్‌లు ఒకే వేగంతో పనిచేయకపోవడానికి ప్రధాన కారణం ఇదే.

కొనుగోలుదారు పొరబడే చోటు కూడా ఇదే. 2017లో వచ్చిన కోర్ ఐ5-8250యు మూల వేగం 1.6 గిగాహెర్ట్జ్. దానికి ముందు తరానికి చెందిన కోర్ ఐ5-7200యు మూల వేగం 2.5. సంఖ్యలను మాత్రమే చూస్తే కొత్తది వెనుకబడినట్లు తోస్తుంది. నిజానికి కోర్లు రెండునుంచి నాలుగయ్యాయి, గరిష్ఠ వేగం 3.1 నుంచి 3.4కు పెరిగింది, నిర్దేశిత సామర్థ్యం మాత్రం 15 వాట్ల దగ్గరనే ఉండిపోయింది. నాలుగు కోర్లూ కలిసి 15 వాట్లలోనే పనిచేయాలి గనుక హామీ ఇవ్వగల వేగం తగ్గింది. అంతే.

4. ఉష్ణం విధించే హద్దు

2018 జూలైలో ఆపిల్ విడుదల చేసిన 15 అంగుళాల మాక్‌బుక్ ప్రోలో అత్యున్నత నమూనాకు కోర్ ఐ9-8950హెచ్‌కె ప్రాసెసర్‌ను అమర్చారు. ఆరు కోర్లు, 45 వాట్లు, మూల వేగం 2.9, గరిష్ఠ వేగం 4.8 గిగాహెర్ట్జ్. విడుదలైన కొద్ది రోజులకే ఒక సమీక్షకుడు వీడియో సంకలన పరీక్ష చేసి, ప్రాసెసర్ వేగం మూల వేగానికంటె కిందికి పడిపోతున్నదని, పాత నమూనా అదే పనిని ఇంకా త్వరగా పూర్తిచేసిందని చూపించాడు. యంత్రాన్ని ఫ్రీజర్‌లో పెట్టి అదే పరీక్ష చేస్తే పని చాలా త్వరగా ముగిసింది. లోపం గణనలో కాక చల్లబరచడంలో ఉన్నదనడానికి అంతకంటె సూటియైన నిరూపణ అవసరం లేదు. జూలై 24న ఆపిల్ ఒక సవరణను విడుదల చేస్తూ, ఉష్ణ నిర్వహణ ఫర్మ్‌వేర్‌లో ఒక డిజిటల్ కీ లోపించడం వల్ల వేగం అతిగా తగ్గుతున్నదని వివరించింది.

ఈ ఉదంతంలో ఎక్కువమంది గమనించని అంశం 4.8 అనే సంఖ్యలోనే ఉంది. ఆ ప్రాసెసర్‌లో చివరి 200 మెగాహెర్ట్జ్ వేగం ‘థర్మల్ వెలాసిటీ బూస్ట్’ అనే ఏర్పాటు ద్వారా లభిస్తుంది. ప్రాసెసర్ ఉష్ణోగ్రత 50 డిగ్రీల సెల్సియస్‌కు మించకుండా ఉన్నప్పుడే అది వర్తిస్తుంది. పెట్టె మీద ముద్రించిన సంఖ్యకు ఇంతటి షరతు ఉన్నదని కొనేవారికి ఎవరూ చెప్పరు. గది ఉష్ణోగ్రతే 40 దాటే రోజున ఆ షరతు నెరవేరడం దాదాపు అసంభవం.

తెలుగు ప్రాంతాల్లో వేసవి గురించి ఇక్కడ కొంత నిదానించి ఆలోచించవలసి ఉంది. ప్రాసెసర్ నుంచి బయటకు పోయే వేడి, ప్రాసెసర్‌కూ గది గాలికీ మధ్య ఉన్న ఉష్ణోగ్రతా భేదానికి సుమారుగా అనులోమానుపాతంలో ఉంటుంది. చాలా ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు 100 డిగ్రీల వద్ద తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. గది 25 డిగ్రీలు ఉంటే భేదం 75. మే నెలలో మధ్యాహ్నం గది 42 డిగ్రీలకు చేరితే భేదం 58. అంటే అదే ఫ్యాను, అదే రాగి గొట్టం 45 వాట్ల బదులు దాదాపు 35 వాట్లనే బయటకు పంపగలవు. సామర్థ్యంలో ఇది 23 శాతం లోటు. కాని సామర్థ్యం పౌనఃపున్య ఘనంతో మారుతుందనే ఉజ్జాయింపు వర్తించే పరిధిలో వేగంలో లోటు ఎనిమిది శాతమే. ఎండాకాలంలో యంత్రం సగానికి సగం మందగించిందని ఎవరైనా అంటే దోషం ఎండది మాత్రమే కాదు. ఫ్యాను రెక్కల మధ్య పేరుకున్న దుమ్మును, ఎండిపోయిన ఉష్ణవాహక లేపనాన్ని అనుమానించాలి. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద, దిండు మీద ఉంచి పనిచేసే అలవాటు కూడా గాలి లోపలికి పోయే రంధ్రాలను మూసివేస్తుంది.

5. ఓవర్‌క్లాకింగ్, అండర్‌వోల్టింగ్: ఒకే అంచుకు రెండు దారులు

తయారీదారు నిర్దేశించిన పౌనఃపున్యానికి మించి ప్రాసెసర్‌ను నడపడం ఓవర్‌క్లాకింగ్. దీనికి ప్రసిద్ధమైన డెస్క్‌టాప్ ఉదాహరణ 1998 నాటి సెలెరాన్ 300ఏ. గుణకం 4.5గా స్థిరపరచిన ఆ ప్రాసెసర్ 66 మెగాహెర్ట్జ్ బస్సుపై 300 మెగాహెర్ట్జ్‌తో నడిచేది. బస్సును 100కు మార్చగానే 450కి చేరేది. పెక్కు ప్రాసెసర్లు దానిని తట్టుకున్నాయి కూడా. తక్కువ ధరకు కొన్నది ఖరీదైన దానితో సమానంగా పనిచేయడమే నాటి ఆకర్షణ. శాండీ బ్రిడ్జ్ తర్వాత మూల స్పందనకు ఇతర భాగాల స్పందనలు కూడా ముడిపడి ఉండడంతో బస్సు ద్వారా వేగం పెంచే దారి దాదాపు మూసుకుపోయింది. గుణకం తెరిచి ఉన్న ప్రత్యేక నమూనాల్లో మాత్రమే అవకాశం మిగిలింది. ల్యాప్‌టాప్‌లలో ‘హెచ్‌కె’ అక్షరాలతో ముగిసే నమూనాలు, తర్వాత వచ్చిన ‘హెచ్‌ఎక్స్’ తరగతి నమూనాలు ఆ కోవకు చెందినవి. పరిశోధకుల చేతిలో సాధారణంగా ఉండే ‘యు’ తరగతి ప్రాసెసర్లలో గుణకాన్ని పైకి జరిపే వీలే లేదు. ఉన్నా ప్రయోజనం స్వల్పం. ఇప్పటికే వేడి హద్దును తాకి వెనక్కి తగ్గుతున్న యంత్రానికి ఇంకా ఎక్కువ వేగాన్ని నిర్దేశించడం, నిండిన కుండలో నీరు పోయడమే అవుతుంది.

అందువల్ల ల్యాప్‌టాప్‌లలో దీనికి వ్యతిరేకమైన పద్ధతికి ఆదరణ లభించింది. పౌనఃపున్యాన్ని అట్లాగే ఉంచి వోల్టేజిని తగ్గించడం అండర్‌వోల్టింగ్. 1.1 వోల్టులను 1.0కు దించితే సామర్థ్యం 17 శాతం తగ్గుతుంది. వేడి తగ్గుతుంది కాబట్టి ప్రాసెసర్ ఎక్కువ సేపు ఎక్కువ వేగంలో నిలవగలుగుతుంది. పైకి ఇది వైరుధ్యంగా తోచినా, కరెంటు తగ్గించడం ద్వారా వేగం పెంచుకున్నట్లే.

ఇది సాధ్యం కావడానికి కారణం తయారీదారు వదిలిన భద్రతా అంతరం. ఒకే అచ్చులో తయారైన రెండు చిప్‌లు సరిగ్గా ఒకే విధంగా ఉండవు. ఒకటి ఒక వోల్టు వద్ద చేసే పనిని మరొకటి ఇంకొంచెం ఎక్కువ వద్ద చేస్తుంది. చిప్ ఏళ్ల తరబడి వాడకంలో వయసు మీరుతుంది, భారం హఠాత్తుగా పెరిగినప్పుడు వోల్టేజి ఒక్క క్షణం కుంగుతుంది, ఉష్ణోగ్రత మారుతుంది. వీటన్నిటినీ దృష్టిలో ఉంచుకొని అవసరానికి మించిన వోల్టేజినే నిర్దేశిస్తారు. అండర్‌వోల్టింగ్ చేసేవారు ఆ అంతరాన్ని తినివేస్తున్నారు. ఓవర్‌క్లాకింగ్ చేసేవారు మరొక వైపునుంచి దానినే తింటున్నారు. మొదటి దానిలో సంకేతం నెమ్మదిస్తుంది, రెండవ దానిలో గడియారం తొందరపడుతుంది. రెండింటా చివరకు జరిగేది సంకేతం చేరకముందే స్పందన రావడం. అండర్‌వోల్టింగ్ చిప్‌ను కాల్చదు గనుక అది పూర్తిగా నిరపాయకరమనే ప్రచారం సగం నిజం మాత్రమే. లోహానికి హాని లేదు, లెక్కకు ఉంది.

పరిశోధకుడికి అసలు చిక్కు ఇక్కడే. అంతరం చాలనప్పుడు యంత్రం ఆగిపోతే, నీలి తెర కనిపిస్తే అది నయం. కనీసం తప్పు జరిగిందని తెలుస్తుంది. తెలియకుండా జరిగే తప్పు ప్రమాదకరం. ఒక గుణకారంలో ఒక బిట్ మారి, ఆ ఫలితం ఫైలులో భద్రమై, దానినుంచే పట్టిక తయారై, పట్టిక సిద్ధాంతగ్రంథంలోకి ఎక్కినప్పుడు దానిని వెనక్కి వెళ్లి కనుగొనే దారి ఉండదు. ప్రైమ్95 వంటి పరీక్షా సాధనాలు ఫలితం ముందే తెలిసిన లెక్కలను చేయించి సరిపోల్చుతాయి. అవి గంటసేపు తప్పు లేకుండా నడిచాయంటే ఆ గంటలో, ఆ ఉష్ణోగ్రతలో, ఆ రకమైన ఆదేశాలతో తప్పు దొరకలేదని మాత్రమే అర్థం. జనవరి రాత్రి చేసిన పరీక్ష మే నెల మధ్యాహ్నానికి హామీ కాజాలదు.

వోల్టేజిని పెంచే దిశలో చిప్‌కు కూడా హాని జరుగుతుంది. 1969లో మోటరోలాకు చెందిన జేమ్స్ బ్లాక్ ప్రతిపాదించిన సమీకరణం ప్రకారం, చిప్‌లోని సన్నని లోహపు తీగల ఆయుర్దాయం కరెంటు సాంద్రత పెరిగేకొద్దీ, ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ వేగంగా తగ్గుతుంది. వోల్టేజి విషయంలో తయారీదారే పొరబడిన సందర్భం కూడా ఉంది. 2024లో ఇంటెల్ 13, 14వ తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు అస్థిరంగా మారుతున్నాయనే ఫిర్యాదులు వచ్చినప్పుడు, మైక్రోకోడ్ అవసరానికి మించిన వోల్టేజిని కోరడం ఒక కారణమని సంస్థ అంగీకరించి, సవరణలను విడుదల చేసి, హామీ కాలాన్ని రెండేళ్లు పొడిగించింది. ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు ఆ సమస్యకు లోను కాలేదని కూడా ప్రకటించింది.

6. ప్లండర్‌వోల్ట్ తర్వాత

2019 డిసెంబరులో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం, బెల్జియంలోని కె.యు. లూవెన్, ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయాలకు చెందిన పరిశోధకులు ‘ప్లండర్‌వోల్ట్’ పేరుతో ఒక లోపాన్ని ప్రకటించారు. దాని నమోదు సంఖ్య సీవీఈ-2019-11157. అండర్‌వోల్టింగ్ సాధనాలు ఏ రిజిస్టరు ద్వారా వోల్టేజిని తగ్గిస్తాయో, దాని ద్వారానే ప్రాసెసర్‌లోని ‘ఎస్‌జీఎక్స్’ అనే రక్షిత ప్రాంతంలో గణన జరుగుతున్న సమయంలో వోల్టేజిని సరిగ్గా తప్పు దొర్లేంత వరకు తగ్గించడం వారి పద్ధతి. ఆ ప్రాంతంలోని జ్ఞాపకాన్ని బయటినుంచి చదవడం అసాధ్యం. కాని లోపల లెక్క తప్పేటట్లు చేయడం సాధ్యమైంది. తాళం పగలగొట్టకుండా, లోపలివాడి చేత పొరపాటు చేయించి రహస్యాన్ని రాబట్టినట్లన్న మాట.

ఒక్క తప్పు నుంచి రహస్యం ఎట్లా బయటపడుతుందో కొద్దిగా వివరించవలసి ఉంది. ఆర్‌ఎస్‌ఏ సంతకాన్ని త్వరగా చేయడానికి రెండు రహస్య ప్రధాన సంఖ్యలతో వేరువేరుగా లెక్కించి, రెండు సగాలనూ కలుపుతారు. ఒక సగంలో మాత్రమే తప్పు దొర్లితే, వచ్చిన తప్పు సంతకం రెండవ ప్రధాన సంఖ్య దృష్ట్యా సరైనదిగానే మిగులుతుంది. అప్పుడు ఒక సాధారణ గసాభా లెక్కతో ఆ ప్రధాన సంఖ్య బయటపడుతుంది. ఈ గణిత రహస్యం 1990 దశకంనుంచే తెలిసినది. దానికి కావలసిన తప్పును ప్రయోగశాల పరికరాలు లేకుండా, కేవలం సాఫ్ట్‌వేర్ ద్వారా పుట్టించడమే ప్లండర్‌వోల్ట్ చేసిన కొత్త పని. దీనికి రెండేళ్లు ముందే కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ‘క్లాక్‌స్క్రూ’ పేరుతో నెక్సస్ 6 ఫోనులో పౌనఃపున్యాన్ని, వోల్టేజిని కలిపి మార్చి ఇటువంటి ఫలితాన్నే సాధించారు.

ఇంటెల్ మైక్రోకోడ్, బయాస్ సవరణల ద్వారా ఆ రిజిస్టరుకు తాళం వేసే వీలు కల్పించింది. పర్యవసానంగా అనేక ల్యాప్‌టాప్‌లలో బయాస్ నవీకరణ జరిగిన మరుక్షణం అండర్‌వోల్టింగ్ సాధనాలు పనిచేయడం మానివేశాయి. ఈ దాడి చేయడానికి యంత్రంపై పూర్తి నిర్వాహక అధికారం ముందే ఉండాలి. సొంత ల్యాప్‌టాప్‌లో ఆ అధికారం ఉండేది యజమానికే. అంటే యజమాని నుంచి యంత్రాన్ని రక్షించడం కోసం యజమాని చేతిలోని వెసులుబాటును తీసివేసినట్లయింది. ఎస్‌జీఎక్స్ ఉద్దేశమే అది గనుక, సాంకేతికంగా ఆ చర్య సమంజసమే. కాని తర్వాతి తరాల సాధారణ వినియోగ ప్రాసెసర్లనుంచి ఎస్‌జీఎక్స్‌నే ఇంటెల్ తొలగించిన తర్వాత కూడా అనేక నమూనాల్లో తాళం కొనసాగడం మాత్రం సమర్థనీయంగా కనిపించదు. వేడి దేశాల్లో, తక్కువ ధర యంత్రాలతో నెట్టుకొచ్చేవారికే ఆ వెసులుబాటు ఎక్కువగా ఉపయోగపడేది.

2022 జూన్‌లో ప్రకటితమైన ‘హెర్ట్జ్‌బ్లీడ్’ మరొక కోణాన్ని చూపింది. ప్రాసెస్ అవుతున్న దత్తాంశాన్ని బట్టి సామర్థ్యం, సామర్థ్యాన్ని బట్టి పౌనఃపున్యం, పౌనఃపున్యాన్ని బట్టి పనికాలం మారతాయి. కనుక దూరంనుంచి కాలాన్ని కొలిచి రహస్య దత్తాంశాన్ని ఊహించవచ్చునని పరిశోధకులు నిరూపించారు.

7. ఆపరేటింగ్ సిస్టమ్ ద్వారా నియంత్రణ

ఓవర్‌క్లాకింగ్ మూసుకుపోయినా, హద్దుల లోపల వేగాన్ని నియంత్రించే అధికారం వినియోగదారుకు ఇప్పటికీ ఉంది. లైనక్స్‌లో ఈ పనిని ‘గవర్నర్’ అనే విధానాలు చేస్తాయి. ‘ఆన్‌డిమాండ్’ గవర్నర్ ప్రాసెసర్ ఎంత తీరిక లేకుండా ఉన్నదో నిర్ణీత వ్యవధుల్లో గమనించి వేగాన్ని మారుస్తుంది. 2016లో లైనక్స్ 4.7తో వచ్చిన ‘షెడ్‌యుటిల్’ పనుల క్రమాన్ని నిర్ణయించే షెడ్యూలరు నుంచే ఆ సమాచారాన్ని తీసుకుంటుంది. పేర్ల విషయంలో ఒక చిక్కు ఉంది. పాత డ్రైవరులో ‘పవర్‌సేవ్’ అంటే కనిష్ఠ వేగంలోనే నిలిపివేయడం. ఇంటెల్ ప్రత్యేక డ్రైవరు అయిన ‘ఇంటెల్ పీస్టేట్’లో అదే పేరుకు అర్థం వేరు; అవసరాన్ని బట్టి టర్బో వరకు పోయే సాధారణ విధానమే అది. పేరు చూసి భయపడి దానిని మార్చినవారికి బ్యాటరీ ఖర్చు తప్ప మరేమీ మిగలదు. ఇంటెల్ 2015 నాటి ‘స్కైలేక్’ తరంనుంచి వేగం నిర్ణయాన్ని ప్రాసెసర్‌కే వదిలివేసే ‘స్పీడ్ షిఫ్ట్’ వచ్చింది. ఆపరేటింగ్ సిస్టమ్ ఇప్పుడు ఆదేశించడం లేదు, ఇష్టాన్ని సూచిస్తున్నది.

విండోస్‌లో విద్యుత్ అమరికల్లో ‘గరిష్ఠ ప్రాసెసర్ స్థితి’ని 100 నుంచి 99 శాతానికి మార్చితే చాలా యంత్రాల్లో వేగం ఒక శాతం కాదు, టర్బో మొత్తం ఆగిపోయి మూల వేగానికి దిగుతుంది. వేసవిలో రాత్రంతా అక్షరగ్రహణం నడపవలసి వచ్చినప్పుడు ఇది పనికివచ్చే ఉపాయం. ఫ్యాను శబ్దం తగ్గుతుంది, వేగం నిలకడగా ఉంటుంది. గణనకాలాన్ని సిద్ధాంతగ్రంథంలో ఫలితంగా నమోదు చేసే భాషాసాంకేతిక పరిశోధకులకు ఈ నిలకడ మరీ అవసరం. టర్బో నడుస్తున్నప్పుడు మొదటి అరనిమిషంలో కొలిచిన కాలానికీ పది నిమిషాల తర్వాత కొలిచిన కాలానికీ పొంతన ఉండదు. రెండు పద్ధతులను పోల్చేటప్పుడు ముందు నడిపిన దానికి చల్లని ప్రాసెసర్, తర్వాత నడిపిన దానికి వేడి ప్రాసెసర్ దక్కితే పోలికే చెల్లదు.

పౌనఃపున్యం పెంచినా పని త్వరపడని సందర్భాలే ఎక్కువ. ర్యామ్ నుంచి ఒక విలువ రావడానికి సుమారు 80 నానోసెకన్లు పడుతుందనుకుంటే, 3 గిగాహెర్ట్జ్ వద్ద ప్రాసెసర్ 240 స్పందనలు వేచి ఉంటుంది, 4 గిగాహెర్ట్జ్ వద్ద 320 స్పందనలు వేచి ఉంటుంది. వేచి ఉండే కాలం ఒకటే. ర్యామ్ చాలక డిస్కు మీదికి పోయే యంత్రంలో ఈ నిరీక్షణ ఇంకా ఎన్నో రెట్లు ఎక్కువ. పది బ్రౌజరు పుటలు, నాలుగు పెద్ద పీడీఎఫ్‌లు తెరిచినప్పుడు కలిగే జాప్యానికి మందు ర్యామ్, ఎస్‌ఎస్‌డీలే.

యంత్రం ఉన్నట్టుండి అన్ని పనుల్లోనూ ఒకే తీరుగా, విపరీతంగా మందగిస్తే విద్యుత్ సరఫరాను పరిశీలించాలి. కొందరు తయారీదారుల ల్యాప్‌టాప్‌లు ఛార్జర్‌ను గుర్తించలేనప్పుడు ప్రాసెసర్ వేగాన్ని కనిష్ఠ స్థాయికి దించివేస్తాయి. అసలు ఛార్జర్ పాడై బజారులో దొరికినది వాడుతున్నప్పుడు, లేదా పిన్నులోని గుర్తింపు తీగ తెగినప్పుడు ఇట్లా జరుగుతుంది. బ్యాటరీ నిండుతున్నట్లే కనిపించవచ్చు, ఉష్ణోగ్రత మామూలుగానే ఉంటుంది, వేగం మాత్రం అరగిగాహెర్ట్జ్ దరిదాపుల్లో నిలిచిపోతుంది. ఆ స్థితిలో గవర్నర్‌ను మార్చడం గాని, విద్యుత్ అమరికలను సవరించడం గాని ఫలించదు. సరైన ఛార్జర్ తగిలించి యంత్రాన్ని తిరిగి ప్రారంభించాలి.